బండి మీద వచ్చిన ల్యాబు

అప్పలసూరికి చదువు రాదు. కానీ అతని బండి మీదికి ఏ సరుకు ఎక్కాలన్నా ముందు మూత తీసి చూపించాల్సిందే. ఇది పొగరని కొందరు, పిచ్చని కొందరు అనేవారు. అసలు సంగతి వేరు. పెళ్లయిన కొత్తలో ఆమదాలవలస స్టేషను నుంచి ఒక షావుకారుకు పింగాణీ సామాను తోలుకొచ్చాడు. పెట్టె విప్పేసరికి సగం ముక్కలు. రైల్లో పగిలాయో, అంతకు ముందే పగిలాయో ఎవరికీ అక్కర్లేకపోయింది. బండివాడే పగలగొట్టాడన్నారు. ఆ పంటకాలమంతా అప్పలసూరి ఆ షావుకారుకు ఊరికే బండి తోలాడు. అప్పట్నుంచి "లోపలేటున్నాదో సూపించు, అప్పుడెత్తుతాను" అనడం మొదలుపెట్టాడు. ధాన్యం బస్తా అయినా సరే, మూతి విప్పి చెయ్యి పెట్టి చూసేవాడు.

అతని ఊరు శ్రీకాకుళానికి నాలుగు మైళ్లు. అరెకరం పల్లం, జత ఎద్దులు, భార్య దేముడమ్మ, ఒక్కతే కూతురు పద్మకుమారి. బండి కిరాయిల్లో చాలావరకు ఊళ్లోని రైసుమిల్లువే. మిల్లు నరసింగరావుది. 1967లో నరసింగరావు మిల్లు పక్కన ఖాళీగా పడివున్న రెండు గోదాములకు సున్నం కొట్టించి, కిటికీలు పెట్టించి, కాలేజీ పెట్టాడు. బోర్డు మీద కరస్పాండెంటని తన పేరు రాయించుకున్నాడు. ఎస్సెల్సీ తరవాత ఏడాది చదివే పి.యు.సి.లో మొదటి ఏడు ఆర్ట్స్ ఒక్కటే. మరుసటి ఏటికి సైన్సు కూడా కావాలన్నాడు. సైన్సు ఇవ్వాలంటే ల్యాబు ఉండాలి. ఉందో లేదో చూడ్డానికి యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తుంది.

1968 మార్చిలో ఆమదాలవలస స్టేషన్లో మిల్లు పేరు మీద పదకొండు పెట్టెలు దిగాయి. అప్పలసూరి అలవాటు ప్రకారం అన్నిటికీ మూతలు తీయించాడు. గాజు గొట్టాలు, సీసాలు, ఇత్తడి త్రాసులు, ఒంటికన్ను పెట్టి చూసే నల్లటి యంత్రాలు. పొడుగాటి పెట్టెలో గడ్డి తొలగిస్తే మనిషి ఎముకల గూడు, తీగలతో కట్టి ఉంది.

"ఈయనెవులు బాబూ?" అని అడిగాడు మిల్లు గుమస్తాని.

"సైన్సు. మూత పెట్టు."

అప్పలసూరి ఆ పెట్టె కింద మరో మోపు గడ్డి వేసి, గతుకుల్లో దిగి ఎద్దుల పక్కనే నడుస్తూ ఊరు చేర్చాడు. ఇంటికొచ్చి చెబితే దేముడమ్మ అతన్ని నూతి దగ్గర స్నానం చేస్తే గాని గడప తొక్కనివ్వలేదు. పద్మకుమారి మాత్రం, ఎముకలన్నీ ఉన్నాయా, దవడ కదిలిందా అని ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ఎస్సెల్సీ పరీక్షలకు చదువుతోంది. పి.యు.సి.లో జీవశాస్త్రం తీసుకుని డాక్టరు కావాలని ఆ పిల్ల కోరిక. ఊళ్లోకే ల్యాబు వచ్చిందని ఆ నెలంతా స్నేహితురాళ్లకు చెప్పుకుంది.

కమిటీ వచ్చింది. దండలు వేయించుకుంది, కొబ్బరినీళ్లు తాగింది, వెళ్లింది. మూడో రోజున గుమస్తా మళ్లీ కబురుపెట్టాడు. అవే పదకొండు పెట్టెలు స్టేషనుకు తోలాలి. అప్పలసూరి మళ్లీ మూతలు తీయించాడు. ఏదీ తగ్గలేదు. అడిగితే "నీకెందుకు, తోలు" అన్నాడు గుమస్తా. తోలాడు. కిరాయి తీసుకున్నాడు. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. ఎవరి కాలేజీ వాళ్లది, తన పని బండి తోలడం అనుకున్నాడు.

జూన్‌లో కాలేజీకి సైన్సు వచ్చింది, ఎస్సెల్సీ ఫలితాలూ వచ్చాయి. ఊళ్లో ఫస్టు క్లాసు వచ్చిన ఆడపిల్ల పద్మకుమారి ఒక్కతే. నరసింగరావు స్వయంగా వాళ్ల ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఒరే సూరీ, నీ కూతుర్ని మన కాలేజీలో సైన్సులో చేర్పించు. ఫీజు లేదు, పుస్తకాలు కూడా నేనే ఇప్పిస్తాను. ఊరి ఆడపిల్ల ఊరి కాలేజీలో చదివితే నలుగురూ చేరతారు."

అప్పలసూరి తల గోక్కున్నాడు. "ఓపాలి సూసుకుని సెప్తాను బాబూ" అన్నాడు. నరసింగరావుకు ఆ మాట నచ్చలేదు గాని నవ్వేసి వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరిగాడో లేదో దేముడమ్మ అందుకుంది.

"ఏటి సూసుకునీది? గుమ్మంలోకొచ్చి ఇస్తంటే సూసుకుంతాడంట. శ్రీకాకులమంటే నాలుగు మైళ్లు, అక్కడ గవర్నమెంటు కాలేజీ నిండా మొగపిల్లలే. ఇక్కడైతే పిలిస్తే పలుకుతాది."

మిల్లులో బస్తాలు మోసే ఆమె తమ్ముడు ఎల్లాజీ కూడా అక్కడే ఉన్నాడు. "బావా, నువ్వు కాదంటే రేపొద్దుట నన్ను గేటు బయట నిలబెడతారు. నా గుంటల్ని నువ్వు సాకుతావేటి?"

"నిన్ను గేటు బయట నిలబెడితే బండెక్కు. ఎద్దులకి నీ బరువొక లెక్కేటి" అన్నాడు అప్పలసూరి. ఎల్లాజీ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని మిల్లువైపు నడిచాడు. దారిలో చెప్పాడు, పెట్టెలు తిరిగి వెళ్లిపోయిన సంగతి. పద్మకుమారి నడక ఆపేసింది.

"వచ్చినాయని సెప్పావు. ఎల్లిపోయినాయని సెప్పలేదేటయ్యా?"

చర్నాకోలు లేకుండా ఎప్పుడూ బయటికి రాని అప్పలసూరి, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలు సర్దుకున్నాడు. "మళ్లీ కొన్నారేమో. అందుకే సూద్దారని" అన్నాడు.

కాలేజీ వరండాలో చేరడానికి వచ్చినవాళ్లు పదిహేను మంది దాకా ఉన్నారు. నరసింగరావు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. పద్మకుమారిని చూడగానే దరఖాస్తు కాగితం ముందుకు తోశాడు.

"ల్యాబు సూపించండి బాబూ" అన్నాడు అప్పలసూరి.

"ముందు సంతకం కానీ. ల్యాబెక్కడికి పోతుంది?"

"అదే నా అనుమానం."

వెనకెవరో కిసుక్కుమన్నారు. నరసింగరావు కళ్లజోడు తీశాడు. "గదికి తాళం వేసుంది. నీకు చదువొచ్చా, సంతకమొచ్చా? నీకేం అర్థమవుతుందని చూపించాలి?"

"నాకు సదువు రాదు బాబూ. పెట్టిలు మోయడమొచ్చు. మార్చిలో పదకొండు పెట్టిలు తెచ్చాను, మూడో రోజుకి పదకొండూ తోలేశాను. మళ్లీ తెచ్చారంటే తాళం తియ్యండి. ఉంటే ఇప్పుడే మా గుంట సంతకం పెడతాది."

నరసింగరావు మెల్లగా అన్నాడు. "కొంటాం. పిల్లలు చేరాలి, ఫీజులు రావాలి, అప్పుడు కొంటాం. కాలేజీలన్నీ ఇలాగే మొదలవుతాయి. నా మిల్లు కిరాయి తిని నా మొహం మీదే అంటున్నావా?"

"కిరాయి బండికిచ్చారు. మా గుంటకి కాదు."

నరసింగరావు పద్మకుమారి వైపు తిరిగాడు. "నీ బాబుకి తెలీదమ్మా. నువ్వు చదువుకున్నదానివి. ఏమంటావు?"

పద్మకుమారి కాగితాన్ని బల్ల మీద ఆయన వైపు జరిపింది. "మీరు కొనీసరికి నా పి.యు.సి. అయిపోద్దండి. నేను శ్రీకాకుళం ఎల్తాను."

నిజం చెప్పాలంటే ఆ కాలేజీ మరీ తీసిపారేయదగ్గదేమీ కాదు. అక్కడి తెలుగు మాస్టారు మంచి పాఠం చెప్పేవాడు. తరవాతి ఏళ్లలో అందులో ఆర్ట్స్ చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. కూతురు ఆర్ట్స్ అడిగితే అప్పలసూరి అక్కడే చేర్చేవాడు. కాని ఆ పిల్ల అడిగింది మరొకటి, అది ఆ గోదాములో లేదు.

మిల్లు కిరాయి ఆ రోజుతోనే ఆగిపోయింది. ఎల్లాజీని గేటు బయట నిలబెట్టలేదు గాని, వారం రోజుల పాటు దుమ్ములో ఊక మోయించారు. అతను బావతో మాట్లాడ్డం మానేశాడు. "ఊరికే వచ్చిన సదువుని కాలదన్నీసినాడు" అని దేముడమ్మ నూతి దగ్గర నలుగురికీ చెప్పింది. ఆ నలుగురే పద్మకుమారి పుస్తకాలు పట్టుకుని శ్రీకాకుళం నడిచిపోతుంటే అరుగుల మీద నుంచి వెక్కిరించేవారు. "డాక్టరమ్మా, నడిచీ నడిచీ నీకే మందెయ్యాలే" అని ఒకావిడ అంటే, "ముందు మీ నోటికి మందేసింతరువాత" అని ఆ పిల్ల ఆగకుండా పోయింది. అప్పలసూరి చెరకు, ఇటుకలు తోలాడు. తిండి పలచబడింది. గడ్డి చాలక ఎద్దులకు కూడా డొక్కలు తేలాయి.

ఆగస్టులో ఒక సాయంత్రం ఎల్లాజీ వచ్చాడు. రెండు నెలల తరవాత అదే మొదటిసారి. గుమ్మం దాటకుండా, బావ మొహం చూడకుండా చెప్పాడు.

"మిల్లుకి బండి కావాల. కొత్తోడు బస్తాలు తడిపీసినాడు. బాబుగారు ఏటన్నారంటే, కాలేజీ వరండాలో అన్న మాటకి అదే వరండాలో తప్పయిందని సెప్పీమన్నారు. రేపట్నించి బండి తోలుకో అన్నారు."

దేముడమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడింది.

అప్పుడే పద్మకుమారి శ్రీకాకుళం నుంచి వచ్చింది. చేతుల నుంచి ఘాటుగా మందు వాసన. తల్లి ముక్కు మూసుకుంది.

"ఏటే ఆ కంపు?"

"ప్రాక్టికల్సమ్మా. ఇయ్యాళ కప్పని కోశాం."

"నువ్వు సూశావా, కోశావా?" అప్పలసూరి అడిగాడు.

"నేనే కోశాను. ఇద్దరికో కప్ప. గుండెకాయ ఇంకా కొట్టుకుంతన్నాది."

దేముడమ్మ "సీ" అంది. కాని ఈసారి నూతికేసి పొమ్మనలేదు. కడవలోంచి చెంబుతో నీళ్లు ముంచి కూతురి చేతుల మీద పోసింది.

అప్పలసూరి బావమరిది వైపు తిరిగాడు. "ఇన్నావు కదా, ఎల్లాజీ. తప్పయిందని సెప్పడానికి నాకు తప్పేటీ కనిపించట్లేదు. బండి కావాలంటే కిరాయికొస్తాను, వరండాకి రాను. అదే సెప్పీ."

"అలాగే సెప్పీమంటావా?"

"ఒక్క మాట తగ్గించకు."

ఎల్లాజీ గుమ్మం దాటి లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు. "రేపు సెప్తాన్లే. అక్కా, గంజేటైనా ఉన్నాదేటి?" అన్నాడు.