గుడ్డ కట్టిన వంకాయ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం కూడా లోకంలో ఉందని ఎవరైనా అంటే, పాపం వాళ్ళకి చదువు లేదనుకునేవాణ్ణి. వయసు ఇరవై మూడు. బోటనీతో బియస్సీ, ఆపైన బీయీడీ, నరసాపురం దగ్గర కాలవగట్టు మీదున్న ఒక ఊళ్ళో సైన్సు మేష్టారుగా మొదటి ఉద్యోగం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, బళ్ళో చెప్పింది చాలక సాయంత్రాలు బస్టాపులో నిలబడ్డవాళ్ళకి కూడా సైన్సు చెప్పేవాణ్ణి. (వాళ్ళు చాలా శ్రద్ధగా వింటున్నారనుకునేవాణ్ణి. బస్సు వచ్చేదాకా వేరే గతిలేక విన్నారని చాలా ఏళ్ళకి తెలిసింది.)

నేను అద్దెకున్నది మామ్మగారింట్లో వెనక వాటా. డెబ్బై దాటిన మనిషి, ఒక్కరే ఉండేవారు. ఊరంతా మామ్మగారనే పిలిచేది కాబట్టి నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నా గది తలుపు తీస్తే ఆవిడ పెరడే. ఎండాకాలమంతా బెండ, వంగ, గోరుచిక్కుడు, పందిరి మీద బీర, నేల మీద దోస. రోజూ ఏదో ఒకటి నా గిన్నెలోకి వచ్చేది. శ్రావణమాసంలో మనవరాలి పురిటికి రాజమండ్రి వెళుతూ, సంచీ భుజాన వేసుకున్నాక నన్ను పిలిచి, "మేష్టారూ, దసరా వెళ్ళాక వస్తానండి. వాన పడని రోజు మొక్కలకి కాసిన్ని నీళ్ళు పొయ్యండి చాలు. ఇంకేం చెయ్యకండి" అన్నారు. గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి తిరిగి, "ఇంకేం చెయ్యకండేం" అన్నారు. ఆవిడ నన్ను ఎంత బాగా చదివేశారో నాకప్పుడు అర్థం కాలేదు.

వినాయకచవితి వెళ్ళేసరికి పెరడు కళ తప్పింది. బెండకాయలు ముదిరి కర్రలయ్యాయి, బీరపాదు ఎండి పందిరికి వేలాడుతోంది. మామ్మగారు వచ్చేసరికి పెరడంతా శీతాకాలపు కూరలతో కళకళలాడించి, ఆవిడ ముక్కు మీద వేలేసుకుంటుంటే పక్కన నిలబడి వినయంగా నవ్వాలని నాకు కోరిక పుట్టింది. గ్రాఫు కాయితం మీద మళ్ళు గీశాను. బళ్ళోంచి సుద్దముక్కలూ పురికొసా తెచ్చాను. టౌనుకి వెళ్ళి క్యాబేజీ, కాలీఫ్లవరు, కేరట్ గింజలు రంగురంగుల పేకెట్లలో కొన్నాను. ఒక ఆదివారం పొద్దున్న నడుం బిగించి పాత మొక్కలన్నీ పీకడం మొదలుపెట్టాను.

నూతి చాటున మూల ఒక ముసలి వంగమొక్క ఉంది. దానికి మూడే మూడు కాయలు, పసుపుపచ్చగా ముగ్గిపోయి ఉన్నాయి. ఒక్కో కాయ తొడిమకీ ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది. చూడగానే నాలోని శాస్త్రజ్ఞుడికి ఒళ్ళు మండింది. ఎందుకూ పనికిరాని కాయలకి దిష్టిగుడ్డలా! మూఢనమ్మకాలు మొక్కల్ని కూడా వదల్లేదు కదా అని అక్కడున్న ఏకైక శ్రోతకి, అంటే పిట్టగోడ అవతల కట్టేసి ఉన్న పక్కింటి పిన్నిగారి గేదెకి, ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత పీలికలు విప్పేసి, మొక్కని పీకి, కాయలతో సహా గోడ మీదుగా దాని ముందు పడేశాను. అది కళ్ళు మూసుకుని, తొడిమలతో సహా నమిలేసింది. నా ఉపన్యాసం నచ్చినట్టే కనిపించింది.

నా మళ్ళు చూడముచ్చటగా వచ్చాయి. గట్లు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. నాలుగు రోజులు ఆగకుండా కురిసి తెరిపిచ్చేసరికి మా నల్లరేగడిలో కేరట్ మడి ఒక చెరువు, క్యాబేజీ మడి ఇంకో చెరువు. కాలీఫ్లవరు మడిలో కప్పలు కాపురం పెట్టాయి. గింజలు ఎటు పోయాయో వాటికే తెలియాలి.

అయిదో రోజు పిన్నిగారు పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, "మేష్టారండీ, గుడ్డ కట్టిన వంకాయలు ముగ్గాయాండీ?" అని అడిగారు.

"ఏ వంకాయలండీ?" అన్నాను.

"అదేనండీ, విత్తనం కాయలు. ఎవరూ పొరపాట్న కొయ్యకుండా గుడ్డ కడతారు కదండీ మామ్మగారు. చవితి వెళ్ళాక గింజ తీసి నారు పొయ్యమని నాకు పురమాయించి వెళ్ళారు. ఆవిడ మొగల్తూరు నుంచి కాపరానికొచ్చినప్పుడు కొంగున ముడేసుకుని తెచ్చుకున్న విత్తనమంటండి. అరవయ్యేళ్ళ పైమాటే. ఈ వీధిలో అందరూ ఆ నారే వేస్తారు, ఇంకోటి వెయ్యరు. అయినా మీకు చెప్పాలాండీ, మొక్కల చదువు చదివినోరు!"

అరవై ఏళ్ళ పుట్టింటి విత్తనాన్ని నేను ఒక్క నిమిషంలో గేదెకి పెట్టేశాను. అప్పుడైనా నిజం చెబితే బాగుండేది. కానీ చదువుకున్నవాణ్ణి కదా, "ముగ్గుతున్నాయండీ. మీకెందుకు శ్రమ, నారు నేనే పోస్తాను" అన్నాను. ఆవిడ సంతోషించి వెళ్ళిపోయారు. వెనక నుంచి గేదె నా వంకే చూస్తోంది.

ఇక మర్నాటి నుంచి, ఆ విత్తనం మొక్క ఇంకో పెరట్లో ఎక్కడైనా మిగిలిందేమోనని, ఊళ్ళో నేను వెళ్ళని ఇల్లు లేదు. బడికి రాని పిల్లల్ని వాకబు చేసే వంకతో వెళ్ళడం, "దాహమేస్తోందండీ, నుయ్యి ఎటువైపు?" అంటూ పెరట్లోకి దూరడం. (మేష్టారు ఎంత శ్రద్ధగల మనిషో అని ఊరంతా మెచ్చుకుంది. ఒకాయనైతే, తన పిల్లలు రోజూ బడికి వస్తున్నా నేనెందుకు వచ్చానో తెలియక భయపడిపోయి ఇద్దర్నీ చితక్కొట్టాడు. ఆ పాపం నాదే.) ఎవరి పెరట్లో చూసినా మళ్ళు తవ్వి, గట్లు వేసి, ఖాళీగా ఉంచారు. మామ్మగారి నారు కోసం ఎదురు చూస్తున్నారన్నమాట. ఆ ఖాళీ మళ్ళని చూస్తుంటే నాకు అన్నం సయించడం మానేసింది. రాత్రికి రాత్రి ట్రాన్స్‌ఫరు చేయించుకుని వెళ్ళిపోదామని కూడా అనుకున్నాను. వెళ్ళినా, మామ్మగారు వచ్చి ఆ మూల వైపు చూస్తారు కదా, ఆ చూపు తలుచుకుంటే ఎక్కడికి పోయినా తప్పించుకోలేననిపించింది.

చివరికి రామాలయం వీధిలో కిరాణా కొట్టు వెనక పెరట్లో, బట్టలుతికే బండ పక్కన, కిందటేటి వంగమొక్క ఒకటి కనిపించింది. నిలువెత్తు పెరిగి, వంకర తిరిగి ఉంది. ఆకుల చాటున ఒకే ఒక్క కాయ. ఆ నిగారింపు చూడగానే మామ్మగారి కాయేనని గుర్తుపట్టాను. అడిగితే ఎందుకని అడుగుతారు, చెబితే అరగంటలో ఊరంతా తెలుస్తుంది. అందుకని మధ్యాహ్నం బెల్లు కొట్టాక, ఎండ లేకపోయినా గొడుగు పట్టుకుని, కొట్టావిడ గల్లా దగ్గర ఉండగా పెరటి తడిక తోసుకుని వెళ్ళాను. కాయ మీద చెయ్యి వేశానో లేదో, "ఎవరండీ అది?" అని వెనక నుంచి వినబడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వంకాయ వదిలేసి గొడుగు విప్పి దాని వెనక దాక్కున్నాను.

"మేష్టారా! గొడుగు ముయ్యండి, కనబడుతూనే ఉన్నారు" అన్నారు కొట్టావిడ.

గొడుగు మూసి, మొత్తం చెప్పేశాను. ఎర్రగుడ్డలు, ఉపన్యాసం, గేదె, ఏదీ దాచలేదు. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గులేదు. నా కథ గేదె దాకా వచ్చేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ కాయ నాకు ఇప్పించండి అక్కగారూ. ఏ విలువైనా ఇచ్చుకుంటాను."

"అయ్యో, ఇవ్వకూడదండీ! అడిగి తీసుకెళ్ళిన మొక్క అచ్చిరాదు, దొంగిలించిందే బతుకుతుంది. నేనూ పోయినేడు మామ్మగారి మడిలోంచి దొంగతనంగా తెచ్చుకున్నదే అది. ఊరంతా అంతే. నేను అటు తిరుగుతాను, మీ పని మీరు చూసుకోండి" అని గోడ వైపు తిరిగారు. నేను కాయ పట్టుకోగానే, వెనక్కి చూడకుండానే, "ఆగండాగండి! ఇంకా ముగ్గలేదు కదండీ. ఇప్పుడు కోస్తే పులుసులోకి తప్ప పనికిరాదు. పది రోజులాగి దొంగతనానికి రండి" అన్నారు.

మర్నాడు చూస్తే ఆ కాయకి ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది. ఆ పది రోజులూ బడికి వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి దాని యోగక్షేమాలు కనుక్కున్నాను. పదకొండో రోజున ఆవిడ గోడ వైపు తిరగగా, పసుపుపచ్చగా ముగ్గిన కాయని శాస్త్రోక్తంగా దొంగిలించాను. గింజలు పిసికి, కడిగి, ఎలా ఆరబెట్టాలో కూడా ఆవిడే గోడకి చెబుతూ నాకు నేర్పారు. నీళ్ళు నిలవకుండా మడి ఎత్తు చేసి నారు పోశాను. మొదటి మొలక తల ఎత్తిన పొద్దున్న నేను బడికి ఆలస్యంగా వెళ్ళాను.

దసరా వెళ్ళిన మూడో రోజున మామ్మగారు వచ్చారు. సంచీ దించకుండానే పెరట్లోకి నడిచి, ఖాళీ మూల వైపు ఒకసారి, నాలుగాకులు వేసిన నారు వైపు ఒకసారి చూశారు.

"ఈ ఏడు నారు వెనకబడిందేంటి మేష్టారూ?"

"వానలండీ" అన్నాను. ఆ అబద్ధం అంతకన్నా ముందుకి సాగలేదు. "కాదండీ మామ్మగారూ, నేను..."

"చెప్పారులెండి. బస్సు దిగిన చోట ముగ్గురు చెప్పారు" అని ఆవిడ మడి పక్కన కూలబడి, ఒక మొలక ఆకుని వేలితో నిమిరారు. తర్వాత మెల్లిగా, "మా అమ్మ చేతి విత్తనం బాబూ" అన్నారు. అంతకు ముందూ ఆ తర్వాతా ఆవిడ నన్ను బాబూ అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఇరవై రోజులకి నారు పీకే ఈడుకొచ్చింది. ఆ సాయంత్రం మామ్మగారు వీధరుగు మీద, పెరటికి వీపు పెట్టి కూర్చుని నన్ను పిలిచారు. "మీరూ ఇటు తిరిగి కూర్చోండి. వెనక్కి చూడకండి." కాసేపటికి పెరటి తడిక కిర్రుమంది. గాజులు, గుసగుసలు, ఎవరో నవ్వు ఆపుకోవడం వినిపించాయి. పిన్నిగారి గొంతు నాకు స్పష్టంగా తెలిసింది. మామ్మగారు కాలవ వైపు చూస్తూ, ఒత్తులు చేసుకుంటూ, "ఈ ఏడు దొంగలు కాస్త ఎక్కువే వచ్చినట్టున్నారు" అన్నారు. ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఆరోజు నేను ఎవరికీ ఏ సైన్సూ చెప్పలేదు.

మామ్మగారు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నేనిప్పుడు రాజమండ్రిలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నాను. ఏటా ఒక కాయకి గుడ్డ కట్టి, బాల్కనీలో పాత పెయింటు డబ్బాలో నారు పోస్తాను. మొన్న ఎదురు ఫ్లాటులోకి కొత్తగా వచ్చినావిడ తెరిచున్న మా తలుపులోంచి తొంగిచూసి, "ఒక్క మొక్క ఇస్తారా అండీ?" అని అడిగారు. "అడిగితే ఇవ్వకూడదండీ, అచ్చిరాదు" అని మొదలుపెట్టి, ఈ నమ్మకానికి శాస్త్రీయమైన ఆధారం ఏమీ లేదని కూడా పది నిమిషాలు వివరించాను. ఆవిడ చాలా శ్రద్ధగా విన్నారు. (లిఫ్టు ఇంకా రాలేదు.) వివరిస్తూ వివరిస్తూనే నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.