నీడ లేని మధ్యాహ్నం

మే నెల మొదట్లో ఒకరోజు మిట్టమధ్యాహ్నం, గిద్దలూరులో మా వాకిట పరిచిన పలకరాతి బండ మీద పొరపాటున ఉత్తకాలు పెట్టాను. చుర్రుమంది. అరికాలు పట్టుకుని గుమ్మంలో కూలబడితే దేవదానం సారు గుర్తొచ్చారు. పెద్దారవీడు దగ్గర మా ఊరి బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పిన మనిషి. మార్కాపురం నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. బక్కపలచగా ఉండేవారు, గొంతు పెంచడం తెలియదు. ఆయన చెప్పిన పాఠాలే నేనిప్పుడు చెప్పుకుని బతుకుతున్నాను.

క్లాసులో ఆయన టార్చిలైటు పలక మీద ఏటవాలుగా వేస్తే వెలుగు పరుచుకుని పలచబడేది, నిలువుగా వేస్తే ఒక్కచోటే చిక్కగా పడేది. "పొద్దుటి ఎండకూ మధ్యాహ్నం ఎండకూ తేడా ఇంతే" అనేవారు. వేసవి సెలవులిచ్చే రోజు ఒక పని అప్పజెప్పారు. మే మొదట్లో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన దాటుతాడనీ, ఆ పూట నిలబెట్టిన కర్రకు నీడ ఉండదనీ, ఇంట్లోవాళ్లకు చూపించమనీ చెప్పారు.

నేను కర్రతో ఊరుకుంటే బాగుండేది. అతితెలివి! మా నాయన తల్లిని, మా అవ్వను, చెయ్యి పట్టి వాకిట్లోకి లాక్కొచ్చి నిలబెట్టాను.

"ఏంది పాపా, నా నీడేదీ?" అంది అవ్వ, చుట్టూ చూసుకుంటూ.

"లేదు గదా అవ్వా! పోయింది!" అని చప్పట్లు కొట్టాను.

అవ్వ ముఖం మాడిపోయింది. నీడ కనబడని మనిషి ఆర్నెల్లలో పోతాడని మా వైపు పెద్దవాళ్ల నమ్మకం. అది నాకు తెలియదంటే అబద్ధం, తట్టలేదంతే. ఆ సాయంత్రం నుంచి అవ్వ ముద్ద ముట్టలేదు. "పోయేదానికి కూడెందుకు?" అని గోడవైపు తిరిగి పడుకుంది. నేను బొమ్మ గీసి చూపించాను. ఏడ్చాను. కాళ్లు పట్టుకున్నాను. మూడో రోజుకు అవ్వ లేచి కూర్చోలేకపోయింది. నాయన నన్ను వెంటబెట్టుకుని మార్కాపురంలో సారు ఇంటికి వెళ్లాడు.

మర్నాడు పదకొండున్నరకల్లా సారు మా వాకిట్లో ఉన్నారు. అవ్వను నులకమంచంతో సహా అరుగు మీదికి తెప్పించారు. పన్నెండు దాటాక మా రోకలి తీసుకుని ఎండలో నిలువుగా నిలబెట్టారు.

"దీనికీ నీడ లేదు చూడు పెద్దమ్మా. రోకలికీ చావొచ్చిందంటావా?"

"ప్రాణం లేనిదానికి చావేంది సారూ?" అంది అవ్వ. నీరసంలోనూ నోరు మాత్రం తగ్గలేదు.

"నాకుంది గదా ప్రాణం" అని సారు చెప్పులు విడిచి, రోకలి పక్కనే నిలబడ్డారు. నీడ పాదాల కింద ఇమిడిపోయింది. "నాదీ లేదు. నీ మనవరాలిదీ లేదు. సూర్యుడు ఉత్తరానికి పోతా మన నెత్తి మీద దాటుతున్నాడు, అంతే. శ్రావణంలో తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి దాటుతాడు. ఆ పొద్దు నేనొస్తా, నాకు అన్నం పెట్టు."

అవ్వ ఆయన కాళ్లవంక చాలాసేపు చూసింది. "కాళ్లు కాలుతుండాయి, ఇట్ల నీడకు రా నాయనా" అని, మజ్జిగ తెమ్మంది. ఆయనకు ఒక గ్లాసు, తనకు ఒకటి.

శ్రావణంలో సారు వచ్చారు, అన్నం తిన్నారు. దసరా సెలవుల్లో గుండె ఆగి చనిపోయారు.

మే నుంచి లెక్కపెట్టుకుంటే ఆర్నెల్లు నిండలేదు. అవ్వ గుండెలు బాదుకుంది. "నా చావు ఆయన ఎత్తుకపోయినాడే!" అని మళ్లీ కూడు మానేసి, గుక్కెడు మజ్జిగ మీదే ఉంది. ఈసారి చెప్పడానికి సారు లేరు. నా దగ్గర పుస్తకం ఉంది, అందులో ఆమెకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, సారు పోయిన పదో రోజు ఆయన భార్య మార్తమ్మ గారు మా ఇంటికొచ్చారు. ఆసుపత్రి కాగితాలు తీసి, చదువురాని అవ్వ ఒళ్లో పెట్టారు.

"ఆయనకు గుండెజబ్బని డాక్టరు చెప్పింది పోయిన క్రిస్మసుకు ముందు పెద్దమ్మా. మీ వాకిట్లో నిలబడకముందు సంగతి. నీ చావూ కాదు, నీ నీడా కాదు."

"తెలిసి తెలిసి ఎండలోకి ఎట్ల పంపిస్తివి తల్లీ?"

"వద్దన్నా. 'నేను చెప్పిన పాఠమే ఆమె నోటికాడ కూడు తీసింది, నేను గాక ఇంకెవరు పోవాల' అన్నాడు."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. భర్త పోయి పట్టుమని పదిహేను రోజులు కాని మనిషి, మా అవ్వకు ముద్దలు కలిపి తినిపించింది.

అవ్వ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. నమ్మకం మాత్రం వదల్లేదు. మే నెల మధ్యాహ్నాలు గడప దాటేది కాదు. నేనూ వాదించలేదు.

ఇప్పుడు పిల్లలకు ఇలాంటి పాఠం చెబితే, "మీ ఇంట్లో దీనికి భయపడేవాళ్లు ఎవరున్నారు?" అని ముందే అడుగుతాను. ఒకసారి సూర్యగ్రహణానికి ముందు ఒక పిల్ల లేచి, కడుపుతో ఉన్న తన వదిన రెండు రోజులుగా వణికిపోతోందని చెప్పింది. గ్రహణం రోజు బేస్తవారిపేట బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. తలుపులు మూసిన గదిలో చాప మీద ఆమె పక్కన కూర్చున్నాను. చంద్రుడు అడ్డం రావడం గురించి చెప్పాను. ఆమె ఎంత విన్నదో తెలియదు.

"మీరు పోరు గదా మేడం?" అంది, నా చెయ్యి పట్టుకుని.

"గ్రహణం విడిచిందాకా ఉంటా" అన్నాను.