మేనమామను కత్తిరించబోయి

కన్ను పొరబడవచ్చు గానీ అంకె పొరబడదన్నది ఆ రోజుల్లో నా మతం. (ఇప్పటికీ అదే, ఒక్క సవరణ మాత్రం చేసుకున్నాను.) పెళ్లి వీడియోలు కొత్తగా కంప్యూటర్లలోకి, సీడీల్లోకి ఎక్కుతున్న కాలమది. నంద్యాలలో ఒక వీడియో షాపులో నాది ఎడిటింగ్ పని. ఏ దృశ్యం ఎక్కడుందో సెకన్లతో సహా చెబుతానని మా ఓనరన్న నన్ను 'గడియారం' అనేవాడు.

ఒక ఉదయం పెండ్లికూతురి తండ్రి, బడిపంతులు, మా షాపుకు వచ్చారు. చర్చిలో పాస్టరు గారు "ఈ వివాహమునకు అభ్యంతరమున్నవారు ఇప్పుడే చెప్పవలెను" అని ఆగిన నిశ్శబ్దంలో ఆయన బావమరిది, అంటే పెండ్లికూతురి మేనమామ, లేచి నిలబడ్డాడట. అభ్యంతరం వల్ల కాదు. బయట పొయ్యి మీది వేటకూర అడుగంటుతుందేమోనని. మగపెళ్లివారికి మాత్రం గుండె ఆగినంత పనైంది.

"ఆదివారం ఆళ్లగడ్డలో మా వియ్యంకుని ఇంట్లో అందరూ కూచ్చోని చూస్తారబ్బీ. ఆయప్ప లేచింది మళ్లా కనపడిందంటే నా బిడ్డను బతుకంతా దెప్పుతారు. తీసెయ్."

"ఆనవాలు కూడా ఉండదు సార్" అన్నాను. ఎక్కడి నుంచి ఎక్కడికి కోయాలో సెకన్లు రాసుకున్నాను, సాఫ్ట్‌వేరుకు ఇచ్చాను, సేవ్ చేశాను.

"ఏసి చూసుకున్నావా, గడియారం?" అన్నాడు ఓనరన్న.

"చూసేదేముందన్నా? అంకెలు సరిపోయినాయి."

వియ్యంకుని ఇంట్లో సీడీ ప్లేయరు లేనందున షాపుది మోసుకుని ఆళ్లగడ్డకు నేనే వెళ్లాను. హాలు నిండా బంధువులు. మేనమామ కూడా ముందు వరుసలోనే. వీడియో మొదలైన కాసేపటికి కెమెరాకు అడ్డొచ్చిన ఒక వేలు తెర మీద ప్రత్యక్షమైంది. ఆ వేలిని కూడా అదే పద్ధతిలో, అంతే కచ్చితంగా, నేను షాపులోనే కోసేసి వచ్చాను! అప్పుడు వెలిగింది. సీడీలో పట్టేలా కుదించిన వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు; అప్పుడప్పుడూ ఒక పూర్తి బొమ్మ, మధ్యలో మారిన ముక్కలు మాత్రమే ఉంటాయి. నేను చెప్పిన చోట పూర్తి బొమ్మ దొరక్క సాఫ్ట్‌వేరు వెనక్కి జరిగి, దొరికినదాని దగ్గర అతికించింది. వేలు మిగిలిందంటే మేనమామ కూడా మిగిలినట్టే. కరెంటు పోవాలని ప్రార్థించాను. (రోజూ పోయే కరెంటు ఆ రోజు నిక్కచ్చిగా నిలబడింది.) కాఫీ గ్లాసులతో వచ్చిన కొత్తకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

తెర మీద పాస్టరు గారు అభ్యంతరాల మాట అడిగారు. అసలు వీడియోలో మేనమామ మోకాళ్ల నొప్పితో, బెంచీ పట్టుకుని, మూలుగుతూ లేచాడు. నా కోత ఆ లేవడాన్నంతా తీసేసి నిలబడటాన్ని మాత్రం మిగిల్చింది. "చెప్పవలెను" అన్న మాట పూర్తయిందో లేదో, మేనమామ తారాజువ్వలా నిటారుగా నిలిచాడు.

"ఈయప్ప మళ్లా లేచినాడే!" అన్నాడు వియ్యంకుడు. నేను ప్లేయరు వైరు పట్టుకుని తలుపు వైపు చూస్తున్నాను.

పెండ్లికొడుకు అవ్వ కళ్లద్దాలు సర్దుకుంది. "ఏమప్పా, మోకాళ్లు నొప్పులంటివే! కూర కోసం ఇంత బేగా లేచ్చివా?"

"కూర మాడింటే మీరే గదమ్మా తిట్టేది!" అన్నాడు మేనమామ.

ముందుగా ఫక్కున నవ్వింది గుమ్మంలోని కోడలే. తర్వాత ఇల్లంతా. "ఇంగోసారి ఎయ్యబ్బీ!" అంది అవ్వ. ఆ కోడలిని దెప్పడం అటుంచి, చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ ముక్క వేసి చూపించమని ఆమెనే అడిగేవారట.

అప్పటి నుంచి అంకె చూశాక కంటితో కూడా చూస్తున్నాను. ఈ మధ్య నంద్యాల బజారులో ఆ కోడలు కనబడింది. మేనమామ పోయి చాలా ఏళ్లయిందని చెప్పి, ఫోనులో ఆ ముక్క వేసింది. అలవాటు కొద్దీ సెకన్లు లెక్కపెట్టబోయి మధ్యలో మరిచిపోయాను. నేను కోయలేకపోయిన ఆ పెద్దాయన ఇప్పటికీ, మోకాళ్ల నొప్పి లేకుండానే, లేచి నిలబడుతున్నాడు.