పోర్చుగీసు కోట వెనక, సముద్రం వెళ్ళిపోయే వేళ

నిజానికి నేను వెళ్దామనుకున్నది ఫ్రాన్స్ తీరానికి. పోటు వేళ దీవిగా మిగిలి, నీళ్ళు తీయగానే నేలతో కలిసిపోయే కొండ ఊరొకటి అక్కడుంది. వీసా రాలేదు. బహ్రెయిన్‌లో, రిఫాలోని మా ఫ్లాట్‌లో కూర్చుని ఫోన్లో ఆ ఊరి ఫొటోలే చూసుకుంటూ ఉసూరుమంటుంటే, జగిత్యాల నుంచి మమ్మల్ని చూడ్డానికొచ్చిన అత్తయ్య నా భుజం మీంచి తొంగి చూసింది. "అగో! మీ మామ దుబాయిల జూసిన అన్నది గిదే గద!" అంది.

మామయ్య నేను కాపురానికి రాకముందే పోయారు. కూలి పనికి గల్ఫ్ వచ్చి చాలా ఏళ్ళున్నారు. సెలవుకి ఊరెళ్ళినప్పుడల్లా, సముద్రం తెల్లారి వెనక్కెళ్ళిపోతుందనీ, కఫీల్‌తో, అంటే పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానితో కలిసి దాని మీద నడిచెళ్ళి, కర్రల దడిలో చేపల్ని చేత్తో పట్టేవాళ్ళమనీ చెప్పేవారట. పొరుగింటి రాజన్న కూడా దుబాయి వెళ్ళొచ్చినవాడే. "నేనున్నన్ని రోజులు సముద్రం ఏడికి పోలే" అని అందరి ముందూ కొట్టిపారేశాడు. ఇంకేముంది, మామయ్య చివరిదాకా 'కోతల లింగన్న'గానే మిగిలిపోయారు. ఆఖరికి మా ఆయన కూడా నాన్న చెప్పేవన్నీ కోతలేనని నవ్వేవాడు.

నేను బందరు పిల్లని. సముద్రం పొంగితే పోటు, తీస్తే పాటు అని చిన్నప్పటి నుంచీ తెలుసు. పైగా రాజన్న పనిచేసింది అసలు దుబాయిలో, మామయ్య పనిచేసింది తీరం లోతు లేని ఈ బహ్రెయిన్‌లో! గల్ఫ్ మొత్తాన్నీ దుబాయి అనేసే ఊళ్ళో ఈ తేడా ఒక్కరికీ తట్టలేదు. మామయ్యకే తట్టలేదు పాపం. శనివారం పోర్చుగీసు కోట వెనక తీరానికి వెళ్ళి చూద్దామన్నాను. "ఉత్త ముచ్చటైతే ఎట్ల బిడ్డా?" అంది అత్తయ్య. నాకూ లోపల అదే భయం.

ఫోన్లో చూస్తే ఆ రోజు నీళ్ళు తీసే పాటు వేళ పదింటికి. ఏడింటికి కారు తీసి ముందు ముహర్రక్ వెళ్ళాం. పాత బజారులో టిఫిను ఇద్దరికీ కలిపి మూడు దినార్ల లోపే. తీపి సేమ్యా మీద ఆమ్లెట్ పరిచి పెట్టే బలాలీత్ చూసి అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది. "పాయసం మీద గుడ్డట్టేసిండ్రు, గిదేం తిండి!" అంటూనే పళ్ళెం ఖాళీ చేసింది. కేరళ వంటాయన నవ్వుతూ, "అమ్మా, అచ్ఛా హై?" అన్నాడు. "మంచిగనే ఉంది గని భాయ్, ఎల్లిపాయ కారం లేదా?" అందీవిడ. కారం లేదు గానీ, వేడి రొట్టె మీద మహ్యావా రాసి ఇచ్చాడు. చిన్న చేపల్ని ఉప్పులో ఊరబెట్టి చేసే పులుసు అది. వాసన తగలగానే అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. "మీ మామ ఒకపారి గిదే సీసల తెచ్చిండు. కంపు గొడ్తుందని పారబోసిన" అంది. ఆ రొట్టె మాత్రం మొత్తం తినేసింది.

ముహర్రక్ నుంచి కోటకి అరగంట. కోట చూడ్డానికి టికెట్ లేదు, పక్కన మ్యూజియంకుంది. పోర్చుగీసు కోట అని పేరే గానీ, వాళ్ళు బురుజులు కట్టడానికి వేల ఏళ్ళ ముందే ఇక్కడ ఊరి మీద ఊరు వెలిసింది. ఆ పొరలన్నీ మ్యూజియంలో గోడెత్తున చూపిస్తారు, తప్పక చూడండి. యూరప్ నన్ను రానివ్వకపోతేనేం, యూరప్ వాళ్ళే వచ్చి కట్టిన గోడ మీద చెయ్యేసి నిలబడ్డాను.

గోడ దాటి తీరానికొస్తే నీళ్ళు లేవు. చాలా దూరం తడి నేల, నాచు పట్టిన రాళ్ళు, వాటి చివర కర్రల దడి. అచ్చం మామయ్య చెప్పినట్టే. అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎగదోపి నాకంటే ముందు దిగిపోయింది. దడి దగ్గర గంపతో ఉన్న బహ్రెయినీ పెద్దాయన మమ్మల్ని చూసి, దడిని చూపిస్తూ, "హద్రా! పానీ జాతా, మచ్లీ అందర్" అన్నాడు. పోటుతో వచ్చిన చేప, నీళ్ళు తీసేశాక ఇందులోనే చిక్కిపోతుంది. ఆయన చేత్తోనే ఒకటి పట్టి అత్తయ్య దోసిట్లో పెట్టాడు.

అది గిలగిలా కొట్టుకుంటుంటే, అత్తయ్య కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. "అందరితోని నేను గూడ నవ్విన బిడ్డా" అంది. చేపను గంపలో వేసి, కళ్ళు తుడుచుకుని, రాజన్నకు వీడియో కాల్ కలపమంది.

"ఏం వదినా, ఏడున్నవ్?" అన్నాడు రాజన్న.

"సముద్రంల."

"సముద్రమేది? నీళ్ళేవి?"

"ఖలాస్!" అంది అత్తయ్య. "మా ఆయన సూసింది గిదే. గిది నీ దుబాయి గాదు రాజన్నా, బహ్రెయిన్."

అత్తయ్య ఫోను తిప్పి దడినీ, తడి నేలనీ చూపించింది. తర్వాత, "లింగన్న నిజమే జెప్పిండు వదినా. ఊళ్ళె నేనే జెప్త" అన్నాడు.

ఇక్కడ ఆరేళ్ళుగా ఉంటూ, నడిచి వెళ్ళగలిగే సముద్రం కోసం ఫ్రాన్స్ ఫొటోలు చూసుకున్నాను. ఆ వింత మా ఇంటికి అరగంట దూరంలోనే ఉంది, మామయ్య మాటల్లో మా ఇంట్లోనే ఉండేది కూడా. ఫ్రాన్స్ ఎప్పటికైనా వెళ్తాను, అది కూడా అందంగానే ఉంటుంది. కానీ ఒక మనిషి మాట నిలబెట్టిన తీరం నాకు ఇదొక్కటే.

మీరూ వెళ్తుంటే, పాటుకి గంట ముందే పాత చెప్పులతో చేరుకోండి. అంతకంటే ముందు, మీ ఇంట్లో ఎవరైనా దుబాయి వెళ్ళొచ్చి ఉంటే, అది ఏ దుబాయో ఒక్కసారి అడగండి.