మళ్లీ చెప్పమని అడగడం నేర్పిన మాస్టారు

గురువారం ఉదయం నేను కొట్టు తలుపులు తీస్తుండగా మాస్టారి భార్య ఫోన్ చేశారు. "గవరపాలెం ఇంట్లోంచే మాటాడతన్నాను బాబూ. మాస్టారు పోయేరు. తెల్లారి టీ ఇద్దామని లేపితే లేవలేదు." ఆ మూడు ముక్కలూ స్పష్టంగా చెప్పి, ఆ తర్వాతే ఆవిడ ఏడ్చారు.

నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. దాచుకోవడం ఎందుకు? మా అమ్మాయి సోమవారం మందుల కంపెనీలో చేరాలి. ఆయన దగ్గర దానికి ఇంకా పాఠాలు మిగిలే ఉన్నాయి.

ఆయన బడిలో పనిచేసిన మాస్టారు కాదు. ఒక రసాయనాల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆదివారాలు తన మేడమీది రేకుల గదిలో, కొత్తగా ఉద్యోగాలకు వెళ్లే డిప్లొమా పిల్లలకు పనిచోట ఎలా మాట్లాడాలో నేర్పేవారు. టై కట్టుకోవడం, ఇంగ్లీషులో తమ గురించి తాము చెప్పుకోవడం నేర్పే చోట్లు అనకాపల్లిలో చాలానే ఉన్నాయి. మాస్టారు వాటి జోలికి పోలేదు. ఆలస్యమైతే ఏమని చెప్పాలి, దిగిపోయే షిఫ్ట్‌వాళ్ల దగ్గర పని ఎలా అప్పగింత తీసుకోవాలి, ప్రమాదం కనిపిస్తే ఫోన్లో మొదటి మాట ఏది, ఇవీ ఆయన పాఠాలు.

నేను బెల్లం మార్కెట్లో ఒక కొట్టులో పద్దులు రాస్తాను. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది, మిగతాది చేతికందిన కాగితమల్లా చదివి నేర్చుకున్నది. నోటిమాట కంటే రాత నాకు తేలిక. మునగపాక నుంచి అమ్మాయిని బండి మీద తీసుకొచ్చి, క్లాసు అయ్యేదాకా వెనక బెంచీ మీద కూర్చునేవాణ్ణి.

మొదటి ఆదివారమే పూడిమడక నుంచి వచ్చే ఒక కుర్రాణ్ణి కింద వీధిలోకి పంపి, గ్యాసు లీకైందని తనకు ఫోన్ చెయ్యమన్నారు. అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టారు.

"హలో, నమస్తే సార్. బాగున్నారా సార్? టిఫిన్ అయిందా?"

"ఒరే నాయనా, నీ పక్కన గ్యాసు కారిపోతంది. నేను ఇడ్లీ తిన్నానో దోసె తిన్నానో తర్వాత అడుగుదువు గాని!"

గది గదంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. "ముందు ఎక్కడున్నావో సెప్పు. తర్వాత ఏటయిందో సెప్పు. ఏడుపుంటే ఆ తర్వాత" అన్నారు. గురువారం ఆయన భార్య నాకు కబురు చెప్పిన వరస అదే. ఎన్ని ఆదివారాలు ఆవిడ కింద వంటింట్లోంచి ఆ పాఠం విన్నారో.

మూడో ఆదివారం ఆయన చూపు నా మీద పడింది. "బాబూ, ఇలా రండి. ఈవేళ మీరే సూపర్‌వైజరు. మీ అమ్మాయికి ఏదో పని సెప్పండి. గబగబా, గొణుగుతూ సెప్పాలి సుమండీ."

గొణగడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. తడి ఆరని బెల్లం దిమ్మల్ని ఎడమ పక్కకు, పాతవాటిని తలుపు దగ్గరకు మార్చి, పైవరస మీద మాత్రం గోనె కప్పమని చెప్పాను.

"సరే నాన్నా" అంది మా అమ్మాయి.

"ఏటి సరే? ఏం సెప్పేరు మీ నాన్న?"

"దిమ్మలు... ఎడం పక్కకి..." అంటూ ఆగిపోయింది.

"తెలీలేదు కదా? అయితే మళ్లీ అడుగు."

అప్పుడది నా వైపు చూసింది. దెబ్బ పడబోతోందని తెలిసినవాళ్లు చూసే చూపు. నేను దానిమీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. కానీ 'ఒకసారి సెప్తే తెలీదేటి?' అని చిన్నప్పటి నుంచీ అంటూనే వచ్చాను. మా అయ్య నన్ను అన్నమాటే అది. మా ఇళ్లల్లో పెద్దవాళ్లను రెండోసారి అడిగితే ఎదురుచెప్పినట్టు లెక్క. సరేననేసి, అవతలికి వెళ్లి తోచినట్టు చేసి, తప్పయితే తిట్లు తినాలి. అదీ మర్యాద.

"నాన్ననే అడగలేని పిల్ల రేపు ఆపరేటర్ని ఏటడుగుతాది బాబూ?" అన్నారు మాస్టారు మెల్లగా. "ఇంటికాడ మీరిద్దరూ రోజూ ప్రాక్టీసు సెయ్యండి."

మేం చెయ్యలేదు. నాకు నోరు రాలేదు, దానికి ధైర్యం రాలేదు.

ఆ మూడో ఆదివారమే, పిల్లలు వెళ్లాక ఆయన టీ గ్లాసులు కడుగుతున్నారు. ఆ పని ఎవరినీ చెయ్యనిచ్చేవారు కాదు. నేను పక్కన నిలబడితే, అడగకుండానే చెప్పారు. "నా షిఫ్ట్‌లో దేవరాపల్లి వైపునుంచి ఒకడొచ్చేవోడు. ఏ వాల్వు తిప్పాలో సెప్పేను. సరే సార్ అన్నాడు. నేను నమ్మీసేను. మోచెయ్యి దాకా కాలిపోయింది." గ్లాసు తుడిచి బోర్లించారు. "ఆడిదే తప్పని రిపోర్టులో రాసేరు. కింద నేనూ సంతకం పెట్టేను. నీకేటి అర్థమయిందో సెప్పరా అని ఆడినొక్క మాట అడిగేనా నేను?"

ఈ సంగతి ఆయన క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. నేనిప్పుడు రాయడం తప్పో ఒప్పో తెలియదు. 'సిగ్గు ఒక్క నిమిషం ఉంటాది, కాలిన సెయ్యి బతుకంతా ఉంటాది' అని పిల్లలతో ఆయన ప్రతివారం ఎందుకు అనేవారో మాత్రం ఆవేళ అర్థమైంది.

దహనం నుంచి వచ్చాక అమ్మాయి అడిగింది, "నాన్నా, నేను చేరనా, మానీనా?" మానెయ్యమనే మాట నా నోటి చివరిదాకా వచ్చింది. "నీ ఇష్టం" అన్నాను.

సోమవారం చేరింది. ఆ రోజంతా కొట్టులో ఫోన్ మోగినప్పుడల్లా పద్దు వదిలేసి ముందు నేనే తీశాను. రోడ్డు మీద అంబులెన్సు కూత వినిపిస్తే కలం ఆపి, అది ఎటు పోతోందో చెవి ఒగ్గి విన్నాను.

సాయంత్రం అన్నం తింటూ చెప్పింది. పని అప్పగించే ఆపరేటర్ బ్యాగు భుజానికి తగిలించుకుని, నడుస్తూనే ఏదో చెప్పేశాడట. దానికి సగం అందలేదు. మళ్లీ చెప్పమంది.

"ఏటమ్మా, పెద్దోళ్లు ఒకసారి సెప్తే వినడం మీ ఇంట్లో నేర్పలేదేటి?" అన్నాడట. పక్కనున్నవాళ్లు నవ్వారట.

"నువ్వేటన్నావు?"

"నేర్పేరు సార్, అందుకే అడగాలంటే భయమేత్తంది, అయినా మళ్లీ సెప్పండి అన్నాను."

అది నేర్పినవాణ్ణి నేనే.

అతను విసుగ్గా బ్యాగు దించి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడట. మధ్యలో ఆగి, "ఉండు" అని లోపలికి పరుగెత్తాడట. ఆవిరి పైపు వాల్వు పూర్తిగా కట్టకుండానే బయలుదేరాడని చెబుతుంటేనే గుర్తొచ్చిందట. కట్టేసి వచ్చి, ఇంకేమీ అనకుండా, ఈసారి నెమ్మదిగా, చివరిదాకా చెప్పాడు.

మంచి పని చేశావని నేను అనాలి. అనలేక, అడక్కుండానే మజ్జిగ పోశాను.

మర్నాడు ఉదయం కంపెనీ బస్సు దాకా దింపాను. నా భయం తగ్గలేదు. తగ్గుతుందని మాస్టారు ఎప్పుడూ అనలేదు కూడా. బస్సులో సగంమంది అప్పటికే కునికిపాట్లు పడుతున్నారు. అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. మూసిన అద్దం వెనక దాని పెదవులు కదులుతున్నాయి. కాసేపు ఆగి, మళ్లీ మొదటి నుంచి కదులుతున్నాయి. 'మళ్లీ సెప్పండి' అనే మాటే ప్రాక్టీసు చేస్తోందేమో, నాకు వినపడలేదు. చెరకు లోడు లారీల మధ్యనుంచి బస్సు మలుపు తిరిగేదాకా ఆ పెదవులనే చూస్తూ నిలబడ్డాను.