మశూచి మీద మేష్టారి వ్యాసం

చీపురుపల్లి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే జగన్నాధం మేష్టారు 1967లో ఉద్యోగం మానేశాడు. పత్రికలకు సైన్సు వ్యాసాలు రాసి బతకాలని అతని పట్టుదల. రెండేళ్లపాటు పంపినవన్నీ తిరుగుటపాలో వచ్చేశాయి. భార్య తవిటమ్మ కూలికి పోవడం మొదలుపెట్టింది.

"తిరిగొచ్చిన కాయితాలు పొయ్యిలోకి పనికొస్తన్నాయి. మరి పొయ్యి మీదికేటి?" అని ఒకరోజు అడిగేసింది.

చివరికి మశూచి గురించి రాసింది ఒక్కటి అచ్చయింది. అది అచ్చయిన వేసవిలోనే సముద్రం ఒడ్డు పల్లెల్లో మశూచి సోకిందని తెలిసి, ఆ పత్రిక పట్టుకుని బస్సెక్కాడు. బస్సు దిగి, కాలే ఇసుకలో నడిచి ఒక జాలరి పల్లె చేరాడు. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లను కూర్చోబెట్టి గొంతెత్తి చదివాడు. "సూక్ష్మక్రిమి సంక్రమణము", "వ్యాధి నిరోధక శక్తి" అంటూ పేజీన్నర సాగింది.

వాళ్లలో దాలమ్మ అనే ఆమె మొహమాటం లేకుండా అంది: "ఏటి సదివినావు మేస్టారూ? ఒక్క ముక్క బోదపడనేదు."

పత్రిక మడిచి, మామూలు మాటల్లో చెప్పాడు. కంటికి కనబడని పురుగు ఒంట్లో చేరుతుందనీ, టీకా వేయించుకుంటే దాన్ని తరిమికొట్టడం ఒళ్లు ముందే నేర్చుకుంటుందనీ.

దాలమ్మ చేతిలో చేప కింద పెట్టేసింది. "టీకాలోళ్లొస్తే అమ్మోరికి కోపమొస్తాదని నా కూతురు గుంటని కుండల ఎనకాల దాసీసినాను. అది పోయి పది దినాలైనాది. ఈ మాట ఇలాగే ముందొచ్చి సెప్పకపోయావా బాబూ?"

జగన్నాధం మడిచిన పత్రిక కేసి చూశాడు. అచ్చయ్యే ముందు ఆ వ్యాసం ఆర్నెల్లు సంపాదకుడి బల్ల మీద పడి ఉంది. ముందే అచ్చయినా ఆమెకు అందేది కాదని ఇప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి, దాలమ్మకు చెప్పినట్టే మళ్లీ రాసి పంపాడు. "ఇది మోటు భాష, శాస్త్రానికి తగదు" అన్న ముక్కతో తిరిగొచ్చింది. మరో మూడు పత్రికలదీ అదే మాట. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నెల్లిమర్ల వెళ్లి జూటు మిల్లులో గుమాస్తాగా చేరాడు. మళ్లీ ఏ పత్రికకూ రాయలేదు.

సెలవు రోజుల్లో మాత్రం పల్లెలకు పోయి నోటితో చెప్పేవాడు. కొందరు వినేవారు. కొందరు కుక్కల్ని ఉసిగొల్పేవారు. మరుసటేడు టీకాలవాళ్లు వచ్చినప్పుడు దాలమ్మ తన చిన్నోణ్ణి తానే ఎత్తుకొచ్చి చెయ్యి చాపించిందని ఎవరో చెప్పారు. సంతోషించాడు. కానీ పోయిన ఆ పిల్ల గుర్తొచ్చి, ఆ పూట ఇంకెవరికీ చెప్పకుండా ఇంటికి తిరిగొచ్చేశాడు.