గుండుసూదుల నోరు

2008లో సికింద్రాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తున్నాను. కార్ఖానా ఏరియా నుంచి సుశీలమ్మ అనే టైలరమ్మ మోకాలి ఆపరేషన్‌కు వచ్చింది. మోకాలి రీప్లేస్‌మెంట్ అంటే అరిగిన కీలు తీసేసి లోహపు కీలు పెట్టడం. ఆపరేషన్ బాగానే అయింది, కాలే వంగడం లేదు. ఇలాగే బిగుసుకుపోతే మళ్లీ మత్తు ఇచ్చి వంచాల్సి వస్తుందని డాక్టరుగారు చెప్పి వెళ్లారు. కాలు వంగకపోతే ఆమె కుట్టుమిషన్ తొక్కలేదు. ఆమెకు ఆ మిషనే ఆధారం.

కాలు వంచేటప్పుడు ఫిజియో మేడం బ్రీతింగ్ ఎక్సర్‌సైజ్ చేయించేది. ముక్కుతో గాలి పీల్చి, పెదవులు గుండ్రంగా చుట్టి మెల్లగా ఊదాలి. ఊదితే నొప్పి తగ్గుతుందంటే నేను నమ్మలేదు. తగ్గేదైతే మందుల షాపులెందుకు? సుశీలమ్మ అసలు ఊదేదే కాదు. కాలి మీద చేయి పడగానే నోరు బిగించేది.

నాకు అనుమానం వచ్చింది. ఎక్సర్‌సైజుకు ముందు నొప్పి బిళ్ల ఇస్తాం. అది మింగితే ఇంత బాధ ఎందుకుంటుంది? దవడలో దాచి, తర్వాత ఉమ్మేస్తోందనుకున్నాను. దిండు కింద వెతికాను, దుప్పటి దులిపాను. ఏమీ దొరకలేదు.

"నోరు తెరువు" అన్నాను.

"ఏందీ ఆయమ్మా, దొంగను పట్టినట్టు పడుతున్నవ్?"

"బిళ్ల యాడ దాస్తున్నవ్? అదేమన్న ఊరికే వస్తదా?"

తెరిచింది. నాలుక కూడా ఎత్తించాను. ఖాళీ.

"మరి ఊదమంటే మూస్తవెందుకు?"

"నేనేం జెయ్యాలె? చిన్నప్పటి సంది గుండుసూదులు పెదాల నడుమ పెట్టుకునే కుట్టిన. నోరు తెరిస్తే సూది జారుతది. జెర కష్టమైన పని రాంగనే నోరు దానంతటదే మూసుకుంటది."

మేడంకు చెప్పాను. ఆమె మంచి తువ్వాలు అంచు నుంచి ఒక దారం లాగింది. నా ప్రాణం ఉసూరుమంది. ఆ దారాన్ని సుశీలమ్మ పెదవుల ముందు వేలాడదీసి, "ఇది ఊగుతూనే ఉండాలమ్మా" అంది.

సుశీలమ్మ చూపు దారం మీదే నిలిచింది. దారం ఊగింది. ఊపిరి బిగపడితే తొడ కూడా బిగుస్తుందట. ఊపిరి వదిలేకొద్దీ కాలు కొంచెం కొంచెంగా వంగింది.

"నొప్పి పోయిందా?" అన్నాను, నమ్మకం కుదరక.

"యాడ పోయింది? తక్లీఫ్ ఉంది గానీ, ఓర్సుకోవచ్చు."

మత్తు ఇచ్చే అవసరం రాలేదు. తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు మిషన్ తొక్కుతున్నానని చెప్పింది. సూదులు ఇప్పుడు గుడ్డ ఉండకు గుచ్చుతోందట.

అప్పటి నుంచి పేషెంటు నోరు బిగిస్తే, ఏం పని చేస్తారో ముందు అడుగుతాను. ఆ తర్వాత నాలుక ఎత్తించి చూస్తాను.